ఓదమ్మ పోయించిన బూడిద

ఓదమ్మకు కాలు ఒకచోట నిలవదు. భూపాలపల్లి శివారులోని అంగన్‌వాడీలో పద్దెనిమిదేళ్లుగా ఆయా. గుడ్లు ఉడకబెట్టడం, ముక్కులు తుడవడం, ఏడ్చే పిల్లను చంకనేసుకుని పప్పు కలపడం, అన్నీ ఆమే. వాన పడితే వాకిలంతా బురదై పిల్లలు జారిపడేవాళ్లు. పైన పరవడానికి మొరం మట్టి కోసం ఎన్నిసార్లు అడిగినా పట్టించుకున్న నాథుడు లేడు. ఓదమ్మ ఊరుకునే మనిషా? బొగ్గు కాల్చే కరెంటు కార్ఖానా బూడిద మోసే లారీకి అడ్డంగా నిలబడి, "అన్నా, రెండు లోడ్లు గీడ పోసిపో," అంది. డ్రైవర్ లక్ష్మణ్ మూడు పోశాడు.

రెండేళ్లు పిల్లలు అందులోనే పిచ్చుకగూళ్లు కట్టారు. బూడిదంటే ఓదమ్మకు అనుమానమెందుకు? చిన్నప్పటి నుంచి పొయ్యి బూడిదతో పళ్లు తోముకున్నదాయె. ఇదీ అదే అనుకుంది. గుప్పెడు తీసి పిల్లలు తినే గిన్నెలు కూడా తళతళా తోమింది.

మొన్న సోమవారం హైదరాబాద్ నుంచి మట్టి, బూడిద పరీక్షలు చేసే అమ్మాయి వచ్చింది. వాకిట్లో రేడియేషన్ కొలిచే చిన్న యంత్రం పెట్టి చూసింది, మట్టి సంచిలో కట్టుకుంది.

"బొగ్గుల యురేనియం అసొంటివి ఉంటయి అవ్వా. కాలినా పోవు, బూడిదల మిగులుతయి. ఎంతున్నయో తెల్వనీకి నెల పడ్తది. అందాక పిల్లలను గీడ ఆడనియ్యకు. దుమ్ము పీల్చద్దు, నోట్ల అసలే పెట్టుకోవద్దు."

"పెట్టుకుంటే ఏమైతది బిడ్డా?"

"ఎక్కువుంటే, ఏండ్లు గడిచినంక క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతది. ఉండకపోవచ్చు గూడ. పరేషాన్ గాకు."

కావద్దంటే ఆగుతుందా ఆ మనసు? ఆ రోజు నుంచి ఓదమ్మకు ముద్ద దిగలేదు. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లేది. అది ఆరిందేమోనని మళ్లీ వెళ్లి చూసేది. మట్టి తినే అలవాటున్న నాలుగేళ్ల సౌందర్య గుర్తొస్తే అర్ధరాత్రి లేచి కూర్చునేది.

నాలుగోరోజు ఇల్లిల్లూ తిరిగింది. "గా బూడిద పోయించింది నేనే. పిల్లలను అటు పోనియ్యకుండ్రి," అని చెప్పింది. కొందరు తిట్టారు, మాటలు పడింది. పన్నెండో ఇల్లు సౌందర్య తల్లి రాజీది. రాజీ తిట్టలేదు. కూతురి చేతులు కడుగుతూ అంతా విన్నది.

"మరి గిన్నెలు దేంతోని తోమినవ్ అవ్వా?" అని అడిగింది.

ఆ మాట ఓదమ్మ ఏ ఇంట్లోనూ చెప్పలేదు. సబ్బుతో అంటే సరిపోయేది. అబద్ధానికి ఆమెకు నోరు రాలేదు.

"దాంతోనే బిడ్డా."

రాజీ పిల్లను దగ్గరికి లాక్కుంది.  ఓదమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, మొదటి ఇంటికి మళ్లీ బయల్దేరింది.