శ్రావణి మేడమ్ మీద నేను గెలిచిన పందెం

ప్రతి మనిషీ ఎక్కడో ఒకచోట పరువు పోగొట్టుకుంటాడు. నాలుగేళ్ళ కిందట నేను నరసరావుపేట స్టేడియంలో, మైకు పట్టుకుని మరీ పోగొట్టుకున్నాను. నవ్వేవాళ్ళు ఇప్పుడే సర్దుకుని కూర్చోండి, మధ్యలో నన్ను ఆపొద్దు.

దీనికంతటికీ మూలం మా స్కూలుకి కొత్తగా వచ్చిన పీఈటీ శ్రావణి. పాతికేళ్ళ పిల్ల. రోజూ సైకిల్ మీద జుమ్మని వచ్చేది. పిల్లలు గేటు దగ్గర కాపు కాసేవాళ్ళు. వాళ్ళలో మా అమ్మాయి జెస్సీ ఒకతి. నా కొంగు పట్టుకు పెరిగిన పిల్ల, అన్నం ముందు కూర్చుని "శ్రావణి మేడమ్ ఎట్టా తొక్కుద్దో తెలుసా!" అంటుంటే నాకు ముద్ద దిగేది కాదు. దాపరికమెందుకు, కుళ్ళుకున్నాను. క్లాసులో లెక్కలు చెప్తూ కూడా కుళ్ళుకున్నాను.

ఇంతలో సైకిల్ పోటీలు పడ్డాయి. నలభై దాటిన ఆడవాళ్ళకి విడిగా పందెం. అందులో పేరిచ్చింది నేనొక్కదాన్నే. పడకుండా పూర్తి చేస్తే పతకం నాదే. కానీ శ్రావణి ఉన్నది అమ్మాయిల పందెంలో!

"సార్, నన్ను అందులోకి మార్చండి."

పేర్లు రాసుకునే సారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "అది పది రౌండ్లు మేడమ్. మోకాళ్ళు చేతికొస్తయ్యి."

"నేను రెంటచింతల ఎండలో సైకిల్ నేర్చుకున్నదాన్ని సార్. నాకా చెప్పేది?"

"వద్దమ్మా," అంది జెస్సీ. "మా మేడమ్‌ని ఎవరూ కొట్టలేరు."

'మా మేడమ్' అట! పట్టుబట్టి పేరు మార్పించుకున్నాను. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంటారు. పాపం, ఆమెకి సైకిల్ లేదు. నాకు జెస్సీ సైకిలుంది.

విజిలేశారు. మొదటి రౌండులో అందరికంటే ముందు నేనే. రెండో రౌండులో పిల్లలంతా నన్ను దాటి దుమ్ములో మాయమయ్యారు. ఆ తర్వాత ఎన్నో రౌండో, ఏ ఊళ్ళో ఉన్నానో కూడా తెలియలేదు. ఎంతసేపటికో వెనక చప్పుడైతే తిరిగి చూశాను. శ్రావణి! నా వెనక! అందరూ నా వెనకే!

మీరైతే ఆలోచించేవారు. నేను లెక్కల టీచర్ని కదా, ఆలోచించలేదు. నూడుల్స్ తిని పెరిగిన ఒళ్ళు, అలిసిపోయి వెనకబడ్డారనుకున్నాను. చివరి రౌండు గంట మోగింది. ప్రాణాలు పెడళ్ళలో పెట్టి తొక్కి, శ్రావణికంటే మూరెడు ముందు గీత దాటాను. జనం ఒకటే ఈలలు! చేతులు రెండూ పైకెత్తి ఊపి, సైకిల్ దిగి శ్రావణి భుజం తట్టాను.

"బాధపడకమ్మా. వయసుంది, నేర్చుకుంటావు."

"మేడమ్, అది కాదు..."

ఆమె మాట ఎవరిక్కావాలి? మైకు అందుకున్నాను. "గెలుపుకి వయసు అడ్డు కాదని ఈ రోజు..."

సారు రొప్పుతూ పరిగెత్తుకొచ్చి, ఆ మైకులోనే అరిచాడు. "దిగారేంది మేడమ్? మీకింకా ఒక రౌండుంది!"

వాళ్ళు వెనకబడలేదండీ. నాకంటే ఒక రౌండు ఎక్కువ తొక్కి, చుట్టూ తిరిగొచ్చి నా వెనక్కి చేరారు. ఈలలన్నీ శ్రావణికి. స్టేడియమంతా పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే, మిగిలిన రౌండు ఒంటరిగా తొక్కాను. జెస్సీ మొహం చూసే ధైర్యం లేకపోయింది.

అంతటితో అయిందా? సారు మళ్ళీ మైకులో, "నలభై దాటినవాళ్ళ పతకం మిగిలిపోయింది. ఎవరన్నా ఉన్నారామ్మా?" అన్నాడు. నేను లేవబోయాను, మోకాళ్ళు ఒప్పుకోలేదు. కూతుర్ని చూద్దామని నూజెండ్ల నుంచి వచ్చిన శ్రావణి వాళ్ళమ్మ కోటమ్మ, కుచ్చిళ్ళు దోపుకుని నా దగ్గరికొచ్చింది.

"చెల్లే, నీ సైకిలొకసారి ఇయ్యి."

ఇచ్చాను. మిరపచేను చూడబోయినంత తీరిగ్గా తొక్కొచ్చి మెడలో పతకం వేయించుకుంది. మా జెస్సీ ఉరికి వెళ్ళి, ఆ తల్లీకూతుళ్ళ మధ్య నిలబడి సెల్ఫీకి ఫోనెత్తింది.

"కొంచెం జరుగమ్మా, ఫోటోలో పడుతున్నావు!" అంది నాతో.

ఆ ఆదివారం చర్చిలో మాత ముందు కొవ్వొత్తి వెలిగించి ఒట్టేశాను. నా కంఠంలో ప్రాణముండగా, నాకంటే చిన్నవాళ్ళని చూసి మాత్రం అసూయపడను.

కోటమ్మ వయసు ముందే కనుక్కున్నాను. నాకంటే ఆరేళ్ళు పెద్దది.