కెంచమ్మ తెరిచిన పెట్టె

క్యాతగానచెర్లు నారప్ప చేతిలో ఎంత పనితనం ఉందో, దాన్ని దాచుకునే గుణం అంతకు రెండింతలు ఉంది. పొలమంతా సోలార్ ప్యానెళ్ల కిందికి పోయాక ఆయన కర్ణాటకలోని పావగడలో మెకానిక్ అంగడి పెట్టుకున్నాడు. కానీ పేరు వచ్చింది అంతకు ముందే, పాత బటన్ ఫోనుతో బోరు మోటరు ఆడించినప్పుడు.

కిటుకు చిన్నదే. ఇయర్‌ఫోన్ పిన్ను గుచ్చితే ఫోను దాన్ని గుర్తుపట్టి, వచ్చిన కాల్‌ను తనంతట తానే ఎత్తుతుంది. నారప్ప ఆ పిన్ను వైరు కోసి మోటరు స్టార్టరుకు కలిపాడు. ఇంట్లో కూర్చుని ఫోన్ చేస్తే పొలంలో నీళ్లు పారతాయి. అదంతా ఒక పెట్టెలో పెట్టి, మూతకు లక్క పోసి అమ్మేవాడు. లోపలేముందో పెళ్లానికి కూడా చెప్పలేదు.

పోయిన ఏడాది బెంగళూరు కంపెనీ ఒకటి నోటీసు పంపింది. ఈ పద్ధతి తమదని, 2018లోనే పేటెంట్‌కు అర్జీ పెట్టుకున్నామని, పెట్టెలు చేయడం మానుకోమని దాని సారాంశం. నారప్పకు అన్నం సయించలేదు. పొలం పోయిన మనిషికి మిగిలింది ఆ పని ఒక్కటే.

బట్టలంగడి వాళ్ల అమ్మాయి ప్రతిమ బెంగళూరులో లాయరు. ఆమె కాగితాలన్నీ చదివింది.

"పేటెంట్ ఇంకా రాలేదన్నా. వాళ్ల అర్జీకి ముందే ఈ కిటుకు నలుగురికీ తెలిసుంటే వాళ్లకు రాదు. రుజువేమన్నా ఉండాదా?"

"ఎవురికీ తెలీకుండానే చేసినా గదమ్మా," అన్నాడు నారప్ప గర్వంగా.

"అదే మన కొంప ముంచేది."

ఆ పెట్టె తెరిచి చూసిన మనిషి ఒక్కతే ఉంది, మంగళవాడ ఊరి రైతు కెంచమ్మ. 2013లో ఆమె కొన్న పెట్టె చెడిపోతే మూడు రోజులు కబురు పెట్టింది. నారప్ప బెట్టు చేశాడు. వేరుశనగ వాడిపోతుంటే ఆమె లక్క పగలగొట్టి తానే బాగు చేసుకుంది. ఊరుకుందా, వ్యవసాయ శాఖ వాళ్ల రైతు సంపర్క కేంద్రంలో మూత తీసి అందరికీ చూపించింది. కన్నడ పేపరులో ఫోటోతో సహా పడింది. నారప్ప ఆమెను నడిబజారులో తిట్టి, ఆ రోజుతో మాట మానేశాడు.

ఇప్పుడు ఆ గడపే తొక్కాల్సి వచ్చింది.

"తెరిచినానని తిట్టినావు. ఇప్పుడు తెరిచినానని చెప్పల్లంటావా?" అంది కెంచమ్మ.

"అవునక్కా. తప్పు నాదే."

ఆమె లోపలికి వెళ్లి, పటం కట్టించిన పేపరు ముక్కను తెచ్చి అతని చేతిలో పెట్టింది.

ఆ ముక్క జతచేసి ప్రతిమ పేటెంట్ ఆఫీసులో అభ్యంతరం వేసింది. విచారణ వీడియోలో జరిగింది. కెంచమ్మ ఏ మాత్రం తడబడకుండా కన్నడంలో చెప్పింది. నెలన్నరకు కంపెనీ అర్జీ కొట్టేశారు. ఆ ఉత్తర్వు పట్టుకుని నారప్ప మంగళవాడకు పరుగెత్తి, ప్రతిమ తెలుగులో రాసిచ్చిన అర్థాన్ని చదివి వినిపించాడు: ఈ పద్ధతిని కెంచమ్మ అనే రైతు 2013లోనే బహిరంగంగా చూపించింది.

"నీ పేరు యాడుండాది?"

"లేదక్కా."

"అదేందప్పా? చేసినోడు నారప్ప అని విచారణలో మొదటే చెప్పినా గదా."

పదేళ్లకు పైగా తాను మొహం చాటేసినా తన పేరునే ఆమె ముందుగా చెప్పిందని విని నారప్పకు సిగ్గు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రేపు వచ్చి నీ పెట్టె చూస్తానక్కా."

"పెట్టె నేను చూసుకుంటా. నువ్వు ఊరికే అన్నానికి రా."