అన్‌ఫిట్ కావాల్సిన భుజం

ఖమ్మంలో మా జిమ్ మిర్చి యార్డుకు దగ్గర. సీజన్‌లో క్లయింటును బల్ల మీద పడుకోబెట్టి "ఊపిరి గట్టిగా తీసుకోండి" అంటే తుమ్ముతాడు. నాకు కోర్సు నేర్పినవాళ్లకు ఈ సంగతి తెలియదు. నా పని స్ట్రెచింగ్ చేయించడం, బిగుసుకున్న కండలను మోచేత్తో నొక్కి వదులు చేయడం. మెడలు పట్టేసిన కోచింగ్ లెక్చరర్లు, అద్దంలో చూసుకుంటూ బరువులెత్తి నడుము పట్టేయించుకున్న కుర్రాళ్లు, వీళ్లే నాకు అన్నం పెడుతున్నారు.

ఒక అమ్మాయి వాళ్ల నాన్నను తీసుకొచ్చింది. ఆయన ఇల్లెందు వైపు బొగ్గు గనిలో కార్మికుడు. కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు. సెలవు పెట్టి కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆమె బ్యాంకు పరీక్షలకు చదువుతూ ఇక్కడ ఒంటిగది కిరాయికి తీసుకుంది.

"దవాఖానల చూపిచ్చినం అన్నా. ఎముకకు ఏం కాలే, స్ట్రెచింగ్ చేయించమన్నరు. జల్దీ తగ్గాలె," అంది.

ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

పద్ధతి చాలా సులువు. ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టి, చెయ్యి పట్టుకుని నేను పైకి లేపుతాను. ఆయన నా చేతిని కిందికి తొయ్యాలి. కాసేపాగి "వదులు" అనగానే వదిలెయ్యాలి. అప్పుడు కండ సాగి చెయ్యి ఇంకాస్త పైకి పోతుంది. ఆయన తొయ్యడం బ్రహ్మాండంగా తోసేవాడు. వదలడం మాత్రం లేదు.

"వదులు కాకా."

"వదిలిన."

చెయ్యి చూస్తే ఇనుప రాడ్డు. వారం దాటినా అంతే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పైగా నా చేతికి లొంగని భుజం ఉందంటే పరువు పోయినట్టు అనిపించింది. చివరికి అడిగేశాను.

"ఏంది కాకా, అసలు నీకు తగ్గాలని ఉందా, లేదా?"

"లేదు," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. మెడికల్ బోర్డు డాక్టర్లు గని కార్మికుణ్ణి పనికి అన్‌ఫిట్ అని తేలిస్తే, ఆ నౌకరి పిల్లల్లో ఒకరికి వస్తుంది. వచ్చే నెల ఆయన బోర్డు ముందుకు పోవాలి. ఎన్ని పరీక్షలు రాసినా కూతురికి ఉద్యోగం రావడం లేదు. దేవుడే ఈ భుజాన్ని పట్టేయించాడని ఆయన నమ్మకం.

"అది నిన్ను నమ్మి తోల్కొచ్చింది. నువ్వు ఊకె నూనె రాసి పంపు," అన్నాడు.

ఫిట్‌నెస్ అని బోర్డు పెట్టుకున్న చోటికి ఇలాంటి కోరికతో వచ్చిన మనిషి ఆయనొక్కడే. నవ్వు రావాలి. జాలేసింది. కుదరదని మెల్లగా చెప్పాను.

మా జిమ్‌లో పాటలు చెవులు చిల్లులు పడేలా మోగుతాయి. గనిలో మిషన్ల మధ్య మాట్లాడి అలవాటైన గొంతు కాబట్టి, ఆయన పాటను మించి అరిచి బతిమాలడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

"నన్ను ఫిట్ చెయ్యకు తమ్మీ! నా బిడ్డకు నౌకరి రావాలె!"

జిమ్మంతా విన్నది. ఆగిపోయిన ట్రెడ్‌మిల్లు మీద ఒకాయన నిలబడి మా వైపే చూస్తున్నాడు. పరదా అవతల కుర్చీలో కూర్చున్న కూతురు లేచి లోపలికి వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను. ఆమె గొంతు కూడా పెంచలేదు.

"నాయినా, రాత్రంత నువ్వు మూలుగుతుంటె నాకు చదువు ఎక్కుతలేదు. పుస్తకం మూసి నీ పక్కన కూసుంటున్న. మొన్నటి పరీక్ష గట్లనే పోయింది."

ఆయన కళ్లు మూసుకున్నాడు. నా చేతుల్లో ఉన్న ఆయన చెయ్యి ఒక్కసారిగా బరువెక్కింది. వదిలేశాడు. మనిషి చెయ్యి అంత బరువుంటుందని ఈ పనిలో ఉండి కూడా నాకు తెలియదు.

నెమ్మదిగా పైకి లేపాను. ఆయన కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. నొప్పికా, నౌకరికా అని నేను అడగలేదు. కూతురు తన చున్నీతో తుడిచింది.

"ఇంకొంచెం లేపు అన్నా," అంది.