దొంగ వేషం

రెండు నెలల పాటు రోజూ పొద్దున్నే ఫల్గుణ దొంగ అయ్యేవాడు. కుడిచేతికి మందంగా గోనె చుట్టుకుని, పైన తన దుప్పటే కప్పుకుని, తన గొడ్డలే భుజాన పెట్టుకుని, తాను తోటపని చేసే అరకు కొండల రిసార్టు గేటు వైపు నడిచేవాడు. విశాఖ నుంచి వచ్చిన ట్రైనర్ కాపలా కుక్క గొలుసు వదిలేవాడు. కుక్క ఎగిరి ఆ చెయ్యి పట్టుకునేది. గొడ్డలీ దుప్పటీ కింద పడేస్తేనే వదలాలి. అదీ పాఠం.

"దొంగంటే నాలాగే ఉంటాడా బాబూ?" అని మొదటిరోజే అడిగాడు.

"మరి సూటేసుకుని వస్తాడేటి?" అన్నాడు యజమాని సర్వేశ్వరరావు. ట్రైనర్ నవ్వాడు. ఫల్గుణా నవ్వాడు. తోటపని పోతుందని ఊరుకున్నాడు. ఇంట్లో భార్య స్వర్ణకి చెప్పలేదు.

సర్వేశ్వరరావుది సాలూరు. ఈ కొండల్లో గిరిజనులు కానివాళ్ళు భూమి కొనకూడదు. రిసార్టు భూమి కాగితాల్లో ఎవరో గిరిజనుడి పేరుంది, పెత్తనం ఈయనది. వచ్చిన అతిథులందరికీ కుక్క కథ చెప్పేవాడు: రాట్‌వైలర్, జర్మనీ జాతి, ఒకప్పుడు పశువుల మందలు తోలింది, కసాయివాళ్ళ బళ్ళు లాగింది, తర్వాత పోలీసుల్లో చేరింది. నల్లటి ఒళ్ళు, సుత్తి లాంటి తల, కళ్ళ పైన తేనెరంగు చుక్కలు. ఊళ్ళో కుక్కలు ముందు మొరుగుతాయి. ఇది మొరగదు, చూస్తుంది. సాయంత్రం వేషం విప్పేసి ఫల్గుణ అన్నం పెడితే మాత్రం అతని మోకాళ్ళకి ఆనుకుని కూర్చునేది. నా అనుకున్నవాళ్ళ కోసం ప్రాణం పెడుతుంది. పరాయివాడెవడో దానికి మనిషే చూపించాలి. ఇక్కడ చూపించారు.

ఈ కొండల్లో గొడ్డలి భుజాన లేకుండా ఇల్లు కదిలేవాళ్ళు లేరు. ఆ సంగతి ఆ గేటు లోపల ఎవరికీ పట్టలేదు.

డిసెంబరులో స్వర్ణ కాఫీ పళ్ళు కోసి, దుప్పటి కప్పుకుని, గొడ్డలితో రిసార్టు గేటు ముందు నుంచి పోయే నీటి ఊట దారిన దిగుతోంది. గేటు తీసి ఉంది. కుక్క చప్పుడు లేకుండా వచ్చి కుడిచెయ్యి పట్టుకుంది. ఫల్గుణ నేర్పిన చోటే. అక్కడ గోనె లేదు.

మొక్కల దగ్గర్నుంచి ఫల్గుణ అరుస్తూ పరుగెత్తాడు. కుక్క వినలేదు. అప్పుడు పాఠం తట్టింది. ఆమె భుజం మీది గొడ్డలి పీకి లోయలోకి విసిరాడు, దుప్పటి లాగేశాడు. వదిలేసింది. ఇద్దర్నీ చూసి తోక ఊపింది.

సర్వేశ్వరరావు వచ్చి ముందు కుక్కని తడిమి చూశాడు.

"గొడ్డలట్టుకుని నా గేటుకాడ ఆ ఆడదానికేటి పనిరా?"

"ఊట మాది బాబూ. మీ గేటు మొన్న వచ్చింది."

"ఎదురు సెప్తన్నావేటి? రేపట్నుంచి పన్లోకి రాకు."

"రాను. దొంగ కావాలంటే ఆ గోనె నువ్వే కట్టుకో."

పదకొండు కుట్లు పడ్డాయి. స్వర్ణ వేళ్ళకి ఇప్పటికీ కాఫీ పండు పట్టు దొరకదు. మర్నాడే గేటుకి బోర్డు వేలాడింది: ఈ దారిలో గొడ్డళ్ళు తేరాదు. ఊటకి వేరే దారంటే కొండ చుట్టూ రెండు గంటల నడక.

దారి తెరిపించమని ఊరు కలెక్టరుకి అర్జీ రాసింది. మొదటి సంతకం ఫల్గుణది. కింద చోటు ఉంది, మీదీ పెట్టండి. అరకులో గది బుక్ చేసే ముందు ఫోన్ చేసి ఒక్క మాట అడగండి: మీ కుక్కకి దొంగని ఎవరి బట్టల్లో చూపించారు? జవాబు చెప్పడానికి నసిగితే ఆ గది తీసుకోకండి.