ఉత్తుత్తి హైజాక్

చిట్కుల్ శివమ్మ విమానం ఎక్కిందంటే ఎక్కింది. అది ఎగరలేదు, అంతే. పాశమైలారంలోని మందుల కంపెనీలో ఊడ్చే పని ఆమెది. ఆమె మొగుడు కొమురయ్య అక్కడే రియాక్టర్ పేలి ఒళ్లంతా కాలి, గేటు ముందు అంబులెన్స్ కోసం చూసి చూసి పోయాడు. జల్దీ తెస్తే బతికేవాడని డాక్టరు అన్న మాట ఆమెను ఇప్పటికీ తొలిచేస్తుంది. మొగుడి ప్రాణానికి బదులు కంపెనీ ఆమె చేతికి చీపురిచ్చింది. మహా ధర్మాత్ములు!

ఒక ఆదివారం లేబర్ కాంట్రాక్టర్ ఐలన్న వచ్చాడు.

"అక్కా, విమానం హైజాక్ అయితే జనాన్ని ఎట్ల కాపాడాల్నో పోలీసోళ్లు ప్రాక్టీస్ చేస్తున్నరు. ప్యాసింజర్ల లెక్క కూసునేతందుకు మనుషులు కావాలె. జెర జల్దీ రా."

విమానం చూడాలన్న ఆశతో శివమ్మ మంచి చీర కట్టుకుని బయల్దేరింది.

ఊరవతల మైదానంలో మూలపడ్డ పాత విమానం ఉంది. ముసుగులేసుకున్న పోలీసులే హైజాకర్లు. "కదిలితే కాలుస్తం" అని అరుస్తుంటే అందులో ఒకడికి నవ్వు ఆగలేదు. ఆనక కమాండోలు దూకారు, పటాకుల మోత మోగింది. శివమ్మది గాయపడిన ప్రయాణికురాలి వేషం. నుదుటికి ఎర్రరంగు పూసి, స్ట్రెచర్ మీద కిందికి దించారో లేదో, అంబులెన్స్ వచ్చి ముందర ఆగింది. ఆమెకు గేటు ముందు పడున్న కొమురయ్య గుర్తొచ్చాడు. ఇంత జల్దీ రావడం వీళ్లకు చేతనవునన్నమాట!

ఆమెను బండిలోకి ఎక్కించగానే నర్సు శ్రావ్య ఫోన్ మోగింది. పాశమైలారంలో ఒక కంపెనీలో మంటలు లేచాయి, ఒక కూలీ కాలిపోయాడు. దగ్గర్లో ఉన్న బండి ఇదొక్కటే.

"సార్, పాశమైలారంల మనిషి కాలిండట, మేం పోవాలె" అంది శ్రావ్య కిందనున్న పోలీసు ఆఫీసర్‌తో.

"పెద్దసారొచ్చి చూసేదాక బండి కదలొద్దు."

శివమ్మ దిగ్గున లేచి కూర్చుంది. "నన్ను దించుండ్రి సారూ! నాకేం తాకలే, ఇది రంగు. గక్కడ మనిషి కాలిండు!"

"పండుకోమ్మా. నువ్వు సీరియస్ కేసువు."

"గట్లయితే సచ్చిననుకోండ్రి! సచ్చినదానికి అంబులెన్స్ ఎందుకు? నన్ను పక్కకు పడేసి బండి తోలుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

ఆఫీసర్‌కు చిర్రెత్తింది. "ఈ ప్రాక్టీసులో ఎవ్వరూ సావొద్దు. అందర్నీ కాపాడినట్టు చూపియ్యాలె. గమ్మునుండు."

దిగబోయిన ఆమెను ఇద్దరు కానిస్టేబుళ్లు పట్టుకుని మళ్లీ పడుకోబెట్టారు. శ్రావ్య డ్రైవర్ వంక చూసింది. అతను తల దించుకున్నాడు, కొలువు పోతుందని భయం. పెద్దసారు మైదానం ఆ చివర ఎవరితోనో ఫోటోలు దిగుతున్నాడు.

ఆయన తీరిగ్గా ఇటు నడిచొస్తుండగా ఫోన్ మళ్లీ మోగింది. శ్రావ్య విని కళ్లు తుడుచుకుంది.

"ఇగ రావద్దంటున్నరమ్మా. ఆ మనిషి పోయిండట."

పెద్దసారు బండిలోకి తొంగి చూసి నవ్వాడు. "ఏమ్మా, అంబులెన్స్ టైముకు వచ్చిందా?"

"వచ్చింది సారూ" అంది శివమ్మ. "దెబ్బ తాకనిదాని కోసం వచ్చింది."