ఎక్స్‌రే తీయించిన కుక్కపిల్ల

ఆ కుక్కపిల్ల పంజాలు చూడగానే నా గుండె జారింది. మూడు నెలల పిల్లకి కాఫీ సాసర్లంత పంజాలేమిటి? మా మల్కాపురం వీధికుక్కలు పూర్తిగా ఎదిగీ దానికంటే పెద్దగా ఏమీ ఉండేవి కావు. "ఏడాది తిరిగేసరికి మీ నడుం దాటుతుంది" అని నేవీ ఆఫీసరుగారి భార్య గర్వంగా చెప్పింది. ఎనభైల మొదటి రోజులవి. నేను వాళ్ళ పిల్లలకి లెక్కలు చెప్పడానికి రోజూ సాయంత్రం వెళ్ళేదాన్ని.

ఆఫీసరుగారికి అండమాన్ బదిలీ అయింది. వాళ్ళ కుక్కకి ఆ ఈతలో పుట్టిన పిల్లలన్నీ ముందే మాట్లాడుకున్న ఇళ్ళకి వెళ్ళిపోయాయి. దీన్ని తీసుకుంటానన్న పెద్దమనిషి మాత్రం చివరి క్షణంలో మాట మార్చాడు. ఓడలో తల్లికుక్క ఒక్కదానికే చోటిచ్చారట. "పది రోజుల్లో మంచి ఇల్లు దొరికితే సరే. లేకపోతే సూది మందిచ్చి చంపించేస్తాను, వీధిలో మాత్రం వదలను" అన్నాడాయన టీ కప్పు కింద పెడుతూ. అది ఆయన బూటు మీద తలపెట్టుకుని నిద్రపోతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చూసిపెడతానండీ అని నెత్తికెత్తుకున్నాను. నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మ గుమ్మంలో పిల్లి కనబడితేనే చీపురు అందుకునే మనిషి, కాబట్టి నేను పెంచుకునే మాటే లేదు.

అందాకా పిల్ల వాళ్ళింట్లోనే ఉంటుందని, దాంతోపాటు ఇవ్వాల్సిన ఖాకీ కవరొకటి నా చేతిలో పెట్టారు. అందులో దాని తల్లివీ తండ్రివీ తుంటి ఎముకల ఎక్స్‌రేలు, పశువుల డాక్టరు సంతకంతో ఆరోగ్యం బాగుందన్న కాగితాలు, ఆవిడ స్వయంగా రాసిన జాగ్రత్తల చీటీ ఉన్నాయి. రోజుకి మూడుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. తిన్న తర్వాత రెండు గంటలు పరుగెత్తనివ్వకూడదు. ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి, ఇంత పెద్ద జాతికి కడుపు మెలిపడుతుందనీ, మెలిపడితే కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుందనీ రాసింది. చదివి కవర్లో పెట్టేశాను. అంతవరకూ నా బుద్ధి సరిగ్గానే ఉంది.

ముందు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఆయన దగ్గరికి పిల్లని ఎత్తుకుని వెళ్ళాను. గోదావరి నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. పిల్లని చూసి మురిసిపోయాడు, నోట్లో వేలు పెట్టి పళ్ళు చూశాడు. నేను గొప్పగా ఎక్స్‌రే తీసి వెలుగుకి పెట్టి చూపించాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎక్స్‌రే ఎందుకు తీయించారండీ? టీబీ ఏమన్నా ఉందా?"

"ఇది వాళ్ళ అమ్మదండీ. ఎముకలు బాగున్నాయని రుజువు."

"బాగున్నోళ్ళకి ఎక్స్‌రే ఎవరు తీయిస్తారండీ బాబూ!" అని, వేలు పంచెకి తుడుచుకున్నాడు.

ఆయన తప్పేమీ లేదు. ఆ రోజుల్లో మా ఇళ్ళలోకి ఆ నల్లకాగితం వచ్చిందంటే ఎవరో నెలల తరబడి దగ్గుతున్నారని అర్థం. మర్నాటి నుంచి వాళ్ళ కంచం, గ్లాసు వేరే గూట్లోకి వెళ్ళిపోయేవి. మా మేనమామకి అలాగే జరిగింది. ఒంట్లో ఏమీ లేదని తెలుసుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళేవాళ్ళుంటారని మాకెవరికీ తెలియదు.

రెండోసారి తెలివి చూపించాను. గాజువాకలో మాకు దూరపు చుట్టం ఒకాయన ఉండేవాడు. పొలం స్టీలు ప్లాంటుకి పోయి అందులోనే ఉద్యోగంలో చేరినవాడు. ఎక్స్‌రే బయటికి తీయకుండా జాగ్రత్తలు మాత్రం చదివి వినిపించాను. కొంచెం కొంచెం పెట్టాలి, తిన్నాక పరుగెత్తనివ్వకూడదు అనేసరికి ఆయన పగలబడి నవ్వాడు. "ఏటిది, పథ్యం కుక్కా? మా ముసలమ్మకి పథ్యం ఒండలేకే సత్తన్నాం తల్లీ!" అన్నాడు. ఆ మాటకి ఇంట్లోవాళ్ళందరూ నవ్వారు, నేనూ నవ్వి వచ్చేశాను.

గడువింక రెండు రోజులుంది. ట్యూషన్‌కి వెళితే ఆఫీసరుగారు ఏమైందని అడగడం కూడా మానేశాడు. డాక్టరుకి కబురు పంపేశాడని వంటమనిషి చెప్పింది.

మర్నాడు పొద్దున్నే యారాడ నుంచి కొండ దిగి మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ వచ్చింది. మొగుడు వేటకి పోతే ఊరి చివర ఇసకలో ఒంటి ఇల్లు తనది, కాపలాకి నోరున్న జీవం ఉంటే బాగుండునని ఎప్పుడో అన్నది గుర్తొచ్చింది. అప్పుడే ఆఫీసరుగారింటికి తీసుకెళ్ళి పిల్లని చూపించాను. తట్ట దించి దాన్ని ఒళ్ళో వేసుకుంది. "మంచి జాతిది, సూదులన్నీ వేయించారు" అన్నాను. కవరు మా ట్రంకుపెట్టెలో చీరల కింద ఉంది. తిండి సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. చెబితే ఈవిడా పథ్యం కుక్క అంటుందని మింగేశాను. అడిగితే చెబుదామనుకున్నాను గానీ ఆవిడ అడగలేదు, పిల్లని చంకనేసుకుని వెళ్ళిపోయింది.

"కాగితాలు ఇచ్చారు కదా?" అని ఆఫీసరుగారి భార్య వెళ్ళేముందు అడిగింది. ఇచ్చానని చెప్పాను.

తర్వాత ఏడాది పైగా నాకు చేపలతోపాటు దాని కబుర్లు వస్తూ ఉండేవి. "ఇంతైపోనాదమ్మా!" అని ఆవిడ మోకాలి దగ్గర చెయ్యి పెట్టేది, తర్వాత తొడ దగ్గర, తర్వాత నడుం దగ్గర. ఆ చెయ్యి పైకి లేచినప్పుడల్లా నాకు చీటీలోని ఎర్ర గీత గుర్తొచ్చేది. ఎంత తింటోందని అడిగాను. "ఈదీదంతా ముద్దెడతాదమ్మా, ఒక్కిల్లా! తినేసి పడవలెనక పరుగో పరుగు!" అంది. చెప్పడానికి అప్పుడైనా ఏం అడ్డొచ్చింది? ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతుందని సిగ్గు. ఏడాది నుంచీ తిరుగుతోంది, ఏమీ కాలేదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అయినా ఆవిడ తట్ట మా మలుపులో కనబడేదాకా ప్రతి పొద్దునా నా ప్రాణం గుమ్మంలోనే ఉండేది.

గంగమ్మ పండగ వచ్చింది. ఆ పూట ఊరు కాసే జీవానికి ఇంటింటి నుంచీ ముద్ద పెట్టడం ఆ వీధి ఆనవాయితీ అట. పండగైన నాలుగో రోజున ఆవిడ తట్ట లేకుండా వచ్చి మా మెట్టు మీద కూర్చుంది. ఆవిడ నోరు విప్పకముందే నాకు తెలిసిపోయింది.

"అందరూ ఎట్టినారమ్మా. మాంసం కూడు, బూరెలు, అన్నీ తినీసినాది. మద్దినేల మా ఓళ్ళు ఒడ్డంట పరుగెట్టించినారు. ఆ ఎనక కడుపు డప్పునాగ ఉబ్బిపోనాది. కక్కుదారని సూసినాది, రానేదు. నా కాడికొచ్చి నిలబడి నా మొకంకేసే సూసినాదమ్మా. పొద్దుగూకేతలికి పేనం ఎల్లిపోనాది."

ఆవిడ మెట్టు మీద నుంచే నా వైపు తిరిగింది.

"దానికి ముందునుంచీ ఏటైనా రోగముందా తల్లీ? నాను తప్పేటి సేసినాను?"

"లేదు. ఏ రోగమూ లేదు" అన్నాను. అది నిజమే.

"అయితే దిష్టేనమ్మా. నా నోరే తగిలీసినాది. ఇంతైపోనాది, అంతైపోనాదని ఊరూరా సెప్పుకు తిరిగినాను" అని ఆవిడ అరచేత్తో తన నోటి మీద తనే టపటపా కొట్టుకుంది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను మళ్ళీ రాదని తెలుసు.

"దిష్టే అయ్యుంటుంది" అన్నాను.

తర్వాత చాలా ఏళ్ళు ఆవిడ దగ్గరే చేపలు కొన్నాను. మనవరాలు పుట్టిందని చెప్పినప్పుడు ఎలా ఉందని అడిగితే "ఏదో ఉందమ్మా" అని తల వంచుకుంది. చేపలు తాజావేనా అంటే "నువ్వే సూసుకో తల్లీ" అనేది. నేను విన్నంతలో ఆవిడ మళ్ళీ దేన్నీ బాగుందని అనలేదు.