మా అత్తగారి కాకి సీతాకోకలు

మా అత్తగారు పోయారు. చర్చి బోర్డు మీద సుద్దముక్కతో "ప్రభువునందు నిద్రించారు" అని రాశారు. మా వాళ్లలో అలా రాయడం ఆనవాయితీ. కానీ తన విషయంలో ఆ మాట రాయొద్దని ఆవిడ ఎన్నోసార్లు చెప్పారు. సమాధుల తోట నుంచి వచ్చాక నేనే వెళ్లి దాన్ని తుడిచి "చనిపోయారు" అని రాశాను. కోడలికి ఎంత కసి ఉందో చూడండని ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో ఒకరిద్దరు అనుకున్నారట. అనుకోనివ్వండి. ఆవిడ ఎందుకలా కోరారో మీకైనా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో విజయనగరం నుంచి కొత్త కోడలిగా వచ్చి ఆ రైల్వే క్వార్టర్లో అడుగు పెట్టగానే నాకు కలరా ఉండల వాసన కొట్టింది. చీరల బీరువా కాబోలనుకుని తలుపు తీశాను. లోపల అద్దాల పెట్టెల నిండా సీతాకోకచిలుకలు, గుండెల్లో సూదులతో. అవన్నీ నావైపే చూస్తున్నట్టనిపించి గభాలున మూసేశాను. మా అత్తగారు ఆడపిల్లల బడిలో జువాలజీ చెప్పేవారు. మావయ్యగారు గూడ్సు బండి గార్డు. బండి ఎక్కడ ఆగితే అక్కడి పొదల్లోంచి ఏదో ఒకటి పట్టుకుని, కాగితం పొట్లంలో మడిచి భార్యకు తెచ్చేవారు. పకోడీలనుకుని నేనొకసారి విప్పాను. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ పొట్లమూ ముట్టుకోలేదు.

ఆవిడ ఒక్క గుంపునే పట్టుకున్నారు. జిల్లేడు, గన్నేరు లాంటి పాలుగారే మొక్కల మీద పెరిగే సీతాకోకలు. పురుగుగా ఉన్నప్పుడే ఆ పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి గనుక పిట్టలు వాటి జోలికి రావు. వాటిలో చారలున్నవాటిని పులులనీ, నల్లనివాటిని కాకులనీ అంటారు. ఈ గుంపును వేరే కుటుంబంగా ఉంచాలా, పెద్ద కుటుంబంలో ఒక శాఖగా కలపాలా అని పుస్తకాలు రాసేవాళ్లు తగువులాడుకుంటున్న రోజులవి. మా అత్తగారు ఒక సెలవుల్లో కాకుల్నీ పులుల్నీ పెద్ద కుటుంబం పెట్టెలో సర్దేవారు, ఇంకో సెలవుల్లో మళ్లీ విడదీసేవారు.

"వీటికి ఆ ఇంట్లో కాపురం కుదరలేదా అత్తయ్యా?" అన్నాను ఒకసారి.

"నీకు కుదిరినాదేటే?" అన్నారు, తలెత్తకుండానే.

అసలు చిక్కు వేషగాళ్లతో వచ్చేది. విషం లేని వేరే జాతి సీతాకోక ఒకటుంది. పిట్టల్ని మోసం చెయ్యడానికి అచ్చం కాకిలాగే రెక్కలు వేసుకుని తిరుగుతుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే నాకు తేడా తెలిసేది కాదు. "రంగు సూడకు. రంగు అబద్ధమాడతాది. కాళ్లు లెక్కెట్టు" అనేవారు. కాకి నాలుగు కాళ్ల మీదే నిలబడుతుంది. దాని ముందు కాళ్లు రెండూ చిన్నవైపోయి గుండెకు ముడుచుకుని ఉంటాయి. వేషగాడు ఆరు కాళ్ల మీదా నిలబడతాడు. ఇంకో తేడా కూడా ఉంది, అదే నాకు మొదటి నుంచీ ఒళ్లు జలదరించే సంగతి. ఛాతీ దగ్గర రెండు వేళ్లతో నొక్కితే వేషగాడు నిజంగానే చస్తాడు. కాకి ఒళ్లు తోలులా గట్టిది. అది రెక్కలు మూసి చచ్చినట్టు పడి ఉంటుంది. ఊదినా కదలదు. మనం వదిలేశాక, దానికి బుద్ధి పుట్టినప్పుడు లేచి వెళ్లిపోతుంది.

ఇదంతా ఆవిడకు తెలుసు. తెలిసీ ఒకసారి పొరపడ్డారు.

నేను వచ్చిన రెండో వేసవిలో ఒక ఉదయం ఆవిడ గన్నేరు మీద ఒక కాకిని పట్టి, నొక్కి, కదలడం లేదని రూఢి చేసుకుని, బెండు పలక మీద సూది గుచ్చి, రెక్కలు విప్పి కాగితం పట్టీలు వేశారు. ఆ మధ్యాహ్నమే మావయ్యగారు వరండాలో కుర్చీలోంచి జారిపోయారు. డాక్టరు చూసి గుండె ఆగిందన్నారు. ఎండలు మండుతున్నాయి, ఊరి నుంచి బంధువులు వచ్చేదాకా ఉంచితే పాడవుతుందని పెద్దలందరూ తొందరపెట్టారు. పొద్దు గూకకముందే పెట్టెకు మేకులు కొట్టి సమాధి చేసేశాం. మర్నాడు ప్రార్థన అయ్యాక అత్తగారు ఆ గదిలోకి వెళ్లారు. చాలాసేపు బయటకు రాలేదు. నేను వెళ్లి చూసేసరికి పలక ముందు నిలబడి ఉన్నారు. సూది కింద ఆ కాకి రెక్కలు పట్టీలను తోస్తున్నాయి. కాగితం చిన్నగా టపటపమంటోంది.

"ఇది బతికే ఉన్నాదే" అన్నారు. ఆ తర్వాత నా మొహంలోకి చూసి, "మీ మావయ్యని ఎంతసేపట్లో పూడ్సీసినారు?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు ఆ ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ జవాబు చెప్పలేదు.

ఆ తర్వాత ఆవిడ సూది ముట్టలేదు. బతికున్నవాటినే భూతద్దంతో చూసి, కాళ్లు లెక్కపెట్టి, బొమ్మ గీసుకుని వదిలేసేవారు. ఏది ఏ గుంపో చెప్పమంటే వారాల తరబడి నానబెట్టేవారు. "పేరెట్టీసినాక దాన్ని మళ్లీ ఎవులూ సూడరే" అనేవారు. బడిలో ప్రతి ఏడూ ఒక పిల్ల అరచేతిలో కాకిని పెట్టి, అది లేచేదాకా క్లాసంతా ఊపిరి బిగబట్టి కూర్చునేలా చేసేవారు. పాపం చచ్చిపోయిందని కొందరు ఏడ్చేవారు. అది లేచి కిటికీలోంచి ఎగిరిపోయేసరికి ఇంకా గట్టిగా ఏడ్చేవారు. టీచరమ్మ చచ్చినవాటిని లేపుతుందన్న పుకారు పూరీ గేట్ పేట దాకా పాకింది. అక్కణ్ణుంచి ఒకావిడ చచ్చిన చిలకను కొంగులో చుట్టుకుని తెచ్చింది. మా అత్తగారు నవ్వకుండా దాన్ని సాయంత్రం దాకా వరండాలో ఉంచుకుని, అప్పుడు "ఇది పోయినాదమ్మా" అని తిరిగిచ్చారు.

చావు ఇళ్లలో మాత్రం ఆవిణ్ణి చూస్తే జనానికి భయం పట్టుకుంది. పెట్టె పక్కనే నిలబడి, రెప్ప వెయ్యకుండా చూసేవారు. పాదం మీద చెయ్యి వేసి ఉంచేవారు. మూత తెస్తుంటే "ఉండండి, ఉండండి" అనేవారు. కొన్నాళ్లకు చావు కబుర్లు మా ఇంటికి ఆలస్యంగా రావడం మొదలైంది. మా ఆయన సిగ్గుతో తల పట్టుకునేవారు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిణ్ణి వెతుక్కుంటూ సమాధుల తోటకు వెళ్లాను. మావయ్యగారి సమాధి పక్కన మోకాళ్ల మీద ఉన్నారు. ప్రార్థన చేస్తున్నారనుకుని దూరంగా ఆగాను. ప్రార్థన కాదు. చెంప సిమెంటుకు ఆనించి, చెవి పెట్టి ఉన్నారు. ఎండకు ఆ సిమెంటు పెనంలా కాలుతోంది. పట్టి లేపితే చెంప ఎర్రగా కంది ఉంది.

"ఏటీ వినపడ్డం నేదు" అన్నారు. "ఇప్పుడు వినపడదని నాకు తెల్దేటే? ఆ దినమే వినుండాల."

అప్పటిదాకా ఆవిడది చాదస్తమనుకున్నాను. తోట గేటు దగ్గర ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. "నన్ను తొందరగా పంపీకండి. నువ్వు సరేనన్నాకే మూత. బోర్డు మీద నిద్రించిందని రాయొద్దు, నిద్దరోతున్నోల్లని ఎవులూ పూడ్సరు."

"మీ అబ్బాయి ఉన్నారుగా అత్తయ్యా, నేనెందుకు?"

"ఆడు ఏడుస్తాడు. ఏడిసే కళ్లకి ఏటీ కనపడదు. నువ్వైతే నాతో దినం దెబ్బలాడినావు, సరిగ్గా సూస్తావు."

నాకు పెళ్లయిన ఇన్నేళ్లలో ఎవరూ నన్ను అంతగా నమ్మలేదు. సరేనని మాటిచ్చాను.

ఈ వేసవిలో ఒక ఉదయం ఆవిడ లేవలేదు. డాక్టరు వచ్చి చూసి ప్రాణం పోయిందన్నారు. గోల్‌బజార్ నుంచి ఐసు దిమ్మలు తెచ్చి వరండాలో బల్ల కింద పెట్టారు. సాయంత్రం నాలుగింటికి తీసుకెళ్దామని చర్చి పాస్టరు అయ్యగారు అన్నారు. నేను రేపన్నాను.

"ఏటి నీ పిచ్చి? జనం ఏటనుకుంటారు?" అని మా ఆయన ఏడుస్తూనే కసిరారు.

"ఏమన్నా అనుకోనీండి. మాటిచ్చినాను" అన్నాను. నా నోట ఆవిడ యాస వచ్చింది.

ముక్కు దగ్గర చిన్న అద్దం పట్టి చూశాను. అద్దం మసకబారింది. తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ మసకబారింది. అప్పుడు ఆవిడే చెప్పినట్టు తోచి, అద్దాన్ని పాదాల దగ్గర పెట్టాను. అక్కడా మసకబారింది. ఐసు ఆవిరి. అయ్యగారు జాలిగా నా భుజం తట్టారు. నేను అక్కణ్ణుంచి లేవలేదు, పాదం మీద చెయ్యి తియ్యలేదు.

తెల్లారేసరికి సందేహం పడాల్సిన పని లేదు. మృతదేహం దగ్గర కూర్చున్నవాళ్లకు తెలిసే గుర్తులు ఉంటాయి, అవన్నీ కనిపించాయి. ఆవిడ నిజంగా పోయారు. అప్పుడు ఏడ్చాను, బిగ్గరగా ఏడ్చాను. నన్ను చూసి అందరూ ఏడ్చారు. ఒక రోజంతా ఆవిడ దగ్గర కూర్చున్నందుకు మా ఆయన మొహంలో కూడా ఏదో నెమ్మది వచ్చింది. మావయ్యగారి విషయంలో మేమెవరమూ ఇలా కూర్చోలేదు. కళ్లు తుడుచుకుని "సరే, మూత పెట్టండి" అన్నాను.

పెట్టె చేసిన మిస్త్రీ సుత్తి తీశాడు. నోట్లో నాలుగు మేకులు పట్టుకుని ఉన్నాడు. వద్దన్నాను.

"మేకుల్లేకపోతే ఎలాగ దీదీ? మోసేటప్పుడు మూత జారిపోతాది" అన్నాడు.

తాడు తెమ్మన్నాను. ఎవరో పందిరికి కట్టిన జనుపతాడు విప్పి తెచ్చారు. తలవైపు ఒక చుట్టు, కాళ్లవైపు ఒక చుట్టు తిప్పి నేనే కట్టాను. అందరూ చూస్తున్నారు గనుక గట్టిగా బిగిస్తున్నట్టు పళ్లు కూడా బిగబట్టాను. పెట్టె గోతిలోకి దిగుతున్నంతసేపూ నా కళ్లు తలవైపు ముడి మీదే ఉన్నాయి. లోపలి నుంచి అరచేత్తో ఒక్కసారి తోస్తే చాలు, విడిపోయేలా వేశాను దాన్ని.